సున్నం మీద నాలుగు వేళ్లు

ఆ రోజు మధ్యాహ్నం వల గదిలో ఆకులు తడిగా ఉన్నాయి.

నేను వాటిని తడిపింది పొద్దున ఏడు గంటలకు. కార్తీకం ఎండ మెత్తగానే ఉంటుంది. అయినా ఏడింటికి చల్లిన నీళ్లు పన్నెండు దాకా ఆకు మీద నిలవవు. కరివేపాకు కొమ్మ కొసన ఒక చుక్క వేలాడుతోంది. దాని కింద ఊసరవెల్లి నోరు తెరిచి, చుక్క రాలేదాకా ఆగి, మింగింది. ఒక కన్ను నా వైపు, ఒక కన్ను తలుపు వైపు తిప్పింది.

తాళం వేసింది వేసినట్లే ఉంది. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

ఎవరో వచ్చి పోయారు.

మాది సోమందేపల్లి పక్క పల్లె. ఎకరంన్నర మల్బరీ, ఇంటిని ఆనుకుని ఒక పట్టుపురుగుల షెడ్డు. షెడ్డు ముందు నాలుగు వైపులా నైలాన్ వల కట్టిన చిన్న గది ఉంటుంది. అదే వల గది. మొదటి తలుపు మూసిన తర్వాతే రెండో తలుపు తీయాలి. లేకపోతే మనిషి వెంట ఊజీ ఈగ దూరుతుంది. పురుగు మీద గుడ్డు పెట్టి పోతుంది. ఆ పురుగు గూడు కట్టినా గూటికి బొక్క పడుతుంది. అందుకే పురుగులున్నన్నాళ్లు నేను ఎవరినీ రానివ్వను. గడప దగ్గర సున్నం పళ్లెం పెట్టి, కాళ్లు అందులో అద్ది లోపలికి పోతాను. నా షెడ్డులో మన్ను ఉండకూడదు, దుమ్ము ఉండకూడదు. పేడ కాలితో ఎవరు వచ్చినా నేను ఊరుకోను. నా భార్య వచ్చినా ఊరుకోలేదు.

ఊసరవెల్లిని తెచ్చింది ఆమే, ఓబులమ్మ. నాలుగేండ్ల కిందట హైవే దాటుతున్న దాని ముందు కాలి మీదుగా ఏదో బండి టైరు పోయింది. కొంగులో చుట్టుకుని తెచ్చింది. కాలు అతికింది గానీ వంకర పోయింది. ఆ కాలికి పట్టు లేదు. కంచెలో వదిలితే కాకి ఎత్తుకుపోతుందని ఆమె దాన్ని వల గదిలో ఉంచింది.

"ఈగలు తింటాది. నీకు నష్టమేమి?" అంది.

నష్టం లేదు. వల దాటి వచ్చిన ఈగను అది కూర్చున్న చోటు నుంచే జానెడు నాలుక చాపి లాక్కునేది. నేను ఒప్పుకున్నాను. నచ్చి కాదు.

దాని పెంపకం ఆమెకు తెలుసు. గిన్నెలో నీళ్లు పెడితే చూడను కూడా చూడదు, ఆకు మీద చుక్క ఉంటేనే తాగుతుంది. వేలంత లావు కొమ్మలే కట్టాలి, లావు కొమ్మ దాని పట్టుకు అందదు. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. గాలి ఆడాలి. గాజు పెట్టెలో పెడితే చస్తుంది. రోజూ పట్టుపురుగులే పెట్టకూడదు, మిడతలూ ఈగలూ కావాలి. చేత్తో ఊరికే ఎత్తకూడదు. నల్లబడితే భయపడినట్లు, పచ్చగా ఉంటే బాగున్నట్లు. ఇవన్నీ ఆమె చెప్పింది. నేను వినలేదనుకుంది. విన్నాను.

మెల్లగా ఊగుతూ అడుగేస్తుందని దాన్ని అవ్వా అని పిలిచేది. నేను పేరు పెట్టి పిలవను.

ఆమె పోయి రెండేండ్లయింది. ఆమె చేత్తో సాకినవాటిలో ప్రాణంతో మిగిలింది అదొక్కటే. అది చస్తే నా చేతిలో చచ్చినట్లే. ఆ మాట ఎవరూ నాతో అననక్కర్లేదు. అందుకే ఆమె చెప్పినవన్నీ ఒకటి తప్పకుండా చేస్తూ వచ్చాను.

ఇప్పుడు ఎవరో దాని దగ్గరికి వస్తున్నారు. నా పురుగులు నాలుగో జ్వరం దాటి ఉన్నాయి. పొర విడిచే నిద్రను మావైపు జ్వరమంటారు. ఇంకో మూడు రోజుల్లో పండి గూడు కట్టాలి. పంట చెడగొట్టాలనుకునేవాడు వచ్చే సమయం ఇదే.

ఆ సాయంత్రం వల గది నేల మీద సున్నం పొడి జల్లించి పలచగా పరిచాను. రోజూ పోయేటప్పుడు చీపురుతో నా అడుగులు చెరిపి, చదును చేసి, తాళం వేశాను.

రెండు రోజులు ఏమీ పడలేదు.

మూడో రోజు పురుగులు పండాయి. ఒళ్లు పసుపు తేలి తలలెత్తాయి. గూళ్లు కట్టించే వెదురు తట్టలను చంద్రికలంటాం. నావి చాలవని, బాడుగకు తేవడానికి కొత్తచెరువు పోతానని వీధిలో అందరికీ వినపడేలా చెప్పి బయలుదేరాను. సోమందేపల్లి బస్టాండులోనే తెలిసినవాడు కనపడి చంద్రికలు ఇస్తానన్నాడు. గంటన్నరకే తిరిగి వచ్చాను.

సున్నం మీద అడుగులున్నాయి. రెండు జతలు. ఒక జత చిన్నవి, ఆడమనిషివి. రెండో జత పెద్దవి. కుడి కాలికి చిటికెన వేలు లేదు.

నాలుగు వేళ్ల కాలు ఈ ఊళ్లో ఒకడికే ఉంది. నా తమ్ముడు యల్లప్పకు. పన్నెండేండ్ల వయసులో తుమ్మ మొద్దు నరుకుతూ ఆ వేలు పోగొట్టింది నా గొడ్డలే. నేనే కొట్టుకున్నానని వాడు నాయనతో చెప్పాడు. ఆ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, ఆ కాలు విషయంలో నేను పొరపాటు పడను అని చెప్పడానికి.

వాడితో నాకు మాటల్లేవు. రెండేండ్ల కిందట, మధ్యాహ్నం రెండింటికి, ఓబులమ్మకు మల్బరీ తోటలో గుండె నొప్పి వచ్చింది. యల్లప్పకు ట్రాలీ ఆటో ఉంది. పదకొండు సార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. పాల వ్యాను ఆపి హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోయాను. దారిలోనే పోయింది. ధర్మవరానికి పట్టు నూలు దించడానికి పోయినానని, ఫోను సీటు కింద పడిపోయిందని వాడు తర్వాత చెప్పి పంపాడు. పదకొండు సార్లు మోగిన ఫోను వినపడకపోవడమేమిటి? పాడె పట్టడానికి వస్తే చేయి తోసేశాను. మా ఇండ్ల మధ్య నడుమెత్తు గోడ ఉంది. నా వైపు నుంచి ఆ గోడ దాటి మాట పోలేదు.

అడుగులు వల గది మూలకు పోయి ఆగాయి. ఆ మూలలో నల్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఉంది. నాది కాదు. దాని నిండా తడి ఎర్రమన్ను. నడుమ చేయి పట్టేంత గుంత.

నా షెడ్డులో మన్ను.

మొదట తోచింది జబ్బు. పోయిన నెల యల్లప్ప పంట పాలరోగం తగిలి మొత్తం పోయింది. చచ్చిన పురుగులను వాడు పాతిపెట్టింది ఎర్రమన్ను గుంతలోనే. నా పంట మాత్రం నిలిచింది. రెండోది తోచింది చెప్పుకోవడానికి సిగ్గే, అయినా తోచింది. గుంత తవ్వి ఏదో పాతారని. మోచేతి దాకా చేయి పెట్టి కలియబెట్టాను. వెంట్రుక లేదు, మేకు లేదు, నిమ్మకాయ లేదు. ఏమీ లేకపోవడం నాకు ఇంకా అనుమానంగా తోచింది.

మన్ను దిబ్బలో పారబోశాను. టబ్బును గోడ మీదుగా వాళ్ల వాకిట్లోకి విసిరాను. అది పడిన చప్పుడుకు యల్లప్ప పెండ్లాం రామసుబ్బమ్మ బయటికి వచ్చింది.

"అయ్యో, అది పారేస్తివా బావా!" అంది.

నేలంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగాను. సోమందేపల్లి పోయి కొత్త తాళం తెచ్చి వేశాను.

పురుగులు చంద్రికలెక్కాయి. పంటకు ఏమీ కాలేదు. ఊసరవెల్లికి అయింది.

మొదటి రోజు మిడత పెడితే చూడలేదు. ఈగ ముక్కు మీదుగా పోయినా నాలుక చాపలేదు. రెండో రోజు కొమ్మ దిగి వల పట్టుకుని అటూ ఇటూ పాకింది. మూడో రోజు నేల మీద ఉంది. నాలుగేండ్లలో అది నేల మీదికి దిగడం నేను చూడలేదు. ఒళ్లు బొగ్గు రంగు. సిమెంటు మీద వంకర కాలితోనూ మంచి కాలితోనూ గీరుతోంది. ఒక మూల గీరి, ఇంకో మూలకు పోయి గీరింది. గోరు అరిగి నెత్తురు చుక్క కనపడింది. పొట్ట మాత్రం ఉబ్బి, పక్కలు గడ్డలు గడ్డలుగా ఉంది.

విషం పెట్టారనుకున్నాను. కొత్త తాళం పడక ముందే పెట్టి పోయారనుకున్నాను. మందు పెట్టాలంటే ఊసరవెల్లికి పెట్టడం సులువు, నోరు లేదు కదా. ఓబులమ్మ చేతిది ఏదీ నా దగ్గర మిగలకూడదని వాళ్లకు ఉండవచ్చు.

నాలుగో రోజు పొద్దున దాన్ని వెదురు బుట్టలో పెట్టి, పైన తడి గుడ్డ కట్టి పెనుకొండ బస్సెక్కాను. పక్క సీటులో కూర్చున్న ముసలామె గుడ్డ అంచు ఎత్తి చూసి కాళ్లు పైకి పెట్టుకుంది.

"ఓ కండక్టరూ! ఈయప్ప బుట్టలో ఊసరవెల్లిని పెట్టుకుని కూచున్నాడు. దింపు!"

కండక్టరు వచ్చి చూశాడు. "యాడికప్పా దీన్ని తీసుకుపోతాండావు?"

"ఆస్పత్రికి."

"ఎవరికి బాగలేదు?"

"దానికే."

బస్సంతా నవ్వింది. "దానికి హాఫ్ టికెట్టా, ఫుల్లా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "అది ఈ సీటు రంగుకు తిరిగితే టికెట్టే అక్కర్లే, కనపడదు కదా" అని ఇంకొకడు. ముసలామె మాత్రం నవ్వలేదు. పెనుకొండ దాకా కాళ్లు దించలేదు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరు శివప్రసాద్ కుర్రవాడు. కడప మనిషి. నా ముందు రెండు గొర్రెలు, ఒక కుక్క ఉన్నాయి. నా వంతు వచ్చి గుడ్డ తీయగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇది నా పని కాదు పెద్దాయనా. అసలు దీన్ని పెంచకూడదు, తెలుసా? అడవి జంతువుల చట్టం. కేసవుతుంది."

"నేను పెంచలేదు. నా భార్య పెంచింది."

"ఆమె ఎక్కడున్నారు?"

"చచ్చిపోయింది. రెండేండ్లు."

"మరి ఈ రెండేండ్లు ఎవరు పెంచినట్టు?"

"విషం పెట్టారు. ఎవరు పెట్టారో కూడా నాకు తెలుసు. ఏ విషమో చెప్తే చాలు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. తర్వాత దాన్ని చూశాడు. చేతికి తొడుగు వేసుకుని, రెండు వేళ్లతో దాని పొట్టను మెల్లగా తడిమాడు. అది నోరు తెరిచి బుస్సుమంది.

"విషమూ లేదు, పాడూ లేదు. కడుపు నిండా గుడ్లు. వరసగా తగులుతున్నాయి."

"మొగది లేదు. ఒక్కటే ఉంది నాలుగేండ్ల నుంచి."

"కోడి పెట్టదా పుంజు లేకుండా? అలాగే. పిల్లలు కావు, ఉత్త గుడ్లు. కానీ బయటికి రావాలి. ఇవి మన్ను తవ్వి లోపల పెడతాయి. మన్ను లేకపోతే బిగబట్టుకుంటాయి. బిగబట్టుకుని చచ్చిపోతాయి. మీరు ఎక్కడ ఉంచారు?"

"వల గదిలో."

"కింద?"

"సిమెంటు."

ఆయన తొడుగు తీసి చెత్తబుట్టలో వేశాడు. "తడి మన్ను పెట్టండి, ఈరోజే. పోయిన ఏళ్లలో ఏం చేసేవాళ్లు?"

నాకు తెలియదు. బుట్ట ఎత్తుకున్నాను. వాకిలి దాకా వచ్చి ఆయన, "తేరుకున్నాక ఫారెస్టు వాళ్లకు చెప్పాలి. వంకర కాలిది, వాళ్లే ఏదో చేస్తారు" అన్నాడు. చెప్తానన్నాను. ఎప్పుడో చెప్పలేదు.

తిరుగు బస్సులో బుట్ట ఒడిలో పెట్టుకుని ఆ టబ్బు గురించే ఆలోచించాను. నడుమ చేయి పట్టేంత గుంత. పాతడానికి కాదు. తవ్వడం మొదలుపెట్టి ఇచ్చారు, వంకర కాలిది గనుక.

ఇంటికి రాగానే నా ఇనుప బానలో తోట మన్ను నింపి నీళ్లు పోశాను. వల గదిలో పెట్టి ఊసరవెల్లిని అందులో దించాను. నేను తలుపు దగ్గర చూస్తూ కూర్చున్నాను. అది గీరింది. నాలుగు వేళ్ల లోతు పోయేసరికి బురద కూలి గుంత పూడింది. ఇంకో పక్క గీరింది. అదీ కూలింది. బాన అంచు ఎక్కి కింద పడింది. మన్ను మార్చాను. ఈసారి పొడిగా ఉంది, అదీ రాలింది. నేను లోపలికి వంగి నా చేత్తో గుంత తీయబోతే నల్లబడి మూలకు పోయింది. కండ్లు లోపలికి పోయి ఉన్నాయి. పగటి పూట కండ్లు మూస్తోంది. పగలు కండ్లు మూస్తే దాని పని అయిపోయినట్లేనని ఓబులమ్మ చెప్పింది.

"అట్ల కాదు బావా."

గోడకు అవతల రామసుబ్బమ్మ. ఎంతసేపటి నుంచి ఉందో.

నేను తల తిప్పలేదు. ఆమె ఆగలేదు.

"నాతో పలకొద్దులే. మాట్లాడమని ఎవురు ఏడుస్తాండారు? చెవులున్నాయి కదా, విను. తోట మన్ను నిలవదు. చెరువు కింద ఎర్రమన్ను కావాల, అందులో ఇసుక కలపాల. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కావాల, నీళ్లు కారకూడదు. మోచేయి లోతు ఉండాల. మధ్యలో గుంత నువ్వే మొదలుపెట్టీయాల, దాని కాలు వంకర కదా."

"నీకెట్ల తెలుసు?"

నోరు జారింది. రెండేండ్లలో నా వైపు నుంచి ఆ గోడ దాటిన మొదటి మాట అది.

"అక్క చెప్పింది. ఇంకెవురు చెప్తారు? ఏటా కార్తీకంలో పెట్టేది. నువ్వు గూళ్లు వేసుకుని హిందూపురం మార్కెట్టుకు పోయిన రోజు పెట్టేది, నువ్వొచ్చే లోపల తీసేసేది. తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉండె."

"నాకు చెప్పలేదు."

"చెప్తే? షెడ్డులో మన్నా అని ఎగిరుందువు. ఒకసారి చెప్పులతో గడప దాటిందని చెంబు తీసి ఇసిరితివి, గుర్తుండాదా? అక్క నుదుటి మీద గాటు గేదె కొమ్ముది అని ఊరందరికీ చెప్పింది. నాకు మాత్రం తెలీదా, మీకు గేదె యాడిది?"

మాకు గేదె ఎప్పుడూ లేదు.

"అక్క పోయినాక పోయిన ఏడాదీ మేమే పెడితిమి. నువ్వు మార్కెట్టులో ఉండావు, నీకు తెలీల్యా. ఈ ఏడు పంట వెనకబడింది, అవ్వకేమో రోజులు దగ్గర పడె. ఆ పొద్దు ఆకులు తడిపి పోయిందీ నేనే. కొత్తచెరువు పోతానని నువ్వు ఊరంతా వినపడేట్ల అరిస్తివి, సరే అని వచ్చినాము. తిరిగొచ్చి టబ్బు నా నెత్తిన ఇసిరితివి."

ఆమె లోపలికి పోయింది. కాసేపటికి అదే నల్ల టబ్బును గోడ మీద పెట్టింది. ఒక అంచు పగిలి ఉంది. నిండా తడి ఎర్రమన్ను. ఒక్క ఆడమనిషి మోసే బరువు కాదు. గోడకు అవతల కింద నుంచి రెండు మగ చేతులు టబ్బు అడుగును పట్టుకుని ఉన్నాయి. మనిషి గోడ వెనక వంగి ఉన్నాడు, ముఖం కనపడలేదు. నేను టబ్బు అందుకున్నాను. చేతులు దిగిపోయాయి.

టబ్బు లోపల పెట్టి, ఊసరవెల్లిని అందులో వదిలి, నా జాగాలో కూర్చున్నాను.

"మళ్లా కూచున్నావా ఆడ?" గోడ మీద నుంచి రామసుబ్బమ్మ. "నువ్వట్ల గుడ్లప్పగించి చూస్తాంటే అది పెట్టదు బావా. ఎవరన్నా చూస్తాండారంటే తవ్వడం నిలిపేస్తాది. చుట్టూ గోనెపట్ట కట్టు. కట్టి, బయటికి రా. వచ్చి అటు తిరిగి కూచో."

"ఏమన్నా అయితే?"

"అయితే అయితాది. నువ్వు చూస్తే ఆగుతాదా?"

గోనెపట్టలు కట్టాను. బయటికి వచ్చి వల గదికి వీపు పెట్టి కూర్చున్నాను. నా ముందు మల్బరీ తోట. ఓబులమ్మ పడిపోయిన సాలు అక్కడికి కనపడుతుంది. నేను సాధారణంగా ఆ వైపు కూర్చోను. వెనక గోళ్ల చప్పుడు వినపడింది. ఆగింది. మళ్లీ వినపడింది. తిరిగి చూడాలని మెడ లాగింది. చూడలేదు. షెడ్డుకు పోయి ఒక చంద్రిక చూసి వచ్చాను. మళ్లీ వీపు పెట్టి కూర్చున్నాను. పొద్దు గుంకే దాకా అంతే.

ఉన్నన్నాళ్లు ఆమె ఇది నాకు తెలియకుండా నడిపింది. ఇంకా ఏమేమి నడిపిందో. మొదట కోపమే వచ్చింది. తర్వాత లెక్క వేసుకున్నాను, నాకు చెప్పి ఉంటే ఏమయ్యేదని. ఆమె చెప్పకపోవడమే దాన్ని బతికించింది. ఆ ముక్క మింగడానికి నాకు చాలాసేపు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

పొద్దున గోనెపట్ట తొలగించి చూశాను. టబ్బులో గుంత లేదు. మన్ను పైన చదునుగా ఉంది, గట్టిగా అదిమినట్లు. ఊసరవెల్లి కొమ్మ మీద ఉంది. పొట్ట ఖాళీ సంచిలాగా వేలాడుతోంది. ముక్కు కొసన ఎర్రమన్ను. రంగు ఇంకా నల్లగానే ఉంది గానీ దవడల దగ్గర ఆకుపచ్చ మరక తేలింది. నీళ్లు చల్లాను. ఆగకుండా తాగింది, పావుగంట దాకా. ఒక మిడతను చూపిస్తే చూసింది. తినలేదు. చూసింది, అది చాలు.

గూళ్లు దింపే రోజూ అదే. ఆ రోజంతా కూలివాళ్లతో చంద్రికల నుంచి గూళ్లు రాల్చి సంచులకు ఎత్తాను. మరునాడు హిందూపురం మార్కెట్టుకు పోక తప్పదు. ఆలస్యమైతే లోపలి పురుగు చిలుకయి గూడు కొరుకుతుంది. పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాను. గుడ్లు పెట్టిన ఊసరవెల్లికి మూడు పూటలా ఆకులు తడపాలి. తడపకపోతే ఎండిపోతుంది. ఇది కూడా రామసుబ్బమ్మ గోడ మీద నుంచి చెప్పిందే.

కొత్త తాళానికి మూడు తాళంచెవులున్నాయి. ఒకటి చేత పట్టుకుని గోడ దగ్గరికి పోయాను. వాకిట్లో యల్లప్ప ఆటో చక్రానికి గాలి పెడుతున్నాడు. నన్ను చూసి పంపు వదిలి లేచాడు. జుట్టు సగం నెరిసింది. రెండేండ్లుగా వాడి ముఖం సరిగా చూడలేదని అప్పుడు తెలిసింది.

"రామసుబ్బమ్మ లేదా?" అన్నాను.

"సోమందేపల్లికి పోయింది."

తాళంచెవి గోడ మీద పెట్టాను. "రేపు మార్కెట్టు. మూడు పూటలా తడపాల."

"తెలుసు."

"సున్నంలో కాళ్లు అద్దుకునే లోపలికి పోవాల."

"తెలుసులేన్నా."

"మొదటి తలుపు మూసినాకనే రెండోది."

"అన్నా, ఆ షెడ్డు గోడ కట్టింది నేనే కదా."

అది నిజమే. నేను వెనక్కి తిరిగాను. వాడు, "అన్నా" అన్నాడు ఇంకోసారి. ఆగాను. వాడు ఏదో చెప్పబోయాడు. ఏమి చెప్పబోయాడో నాకు తెలుసు. ధర్మవరం, సీటు కింద ఫోను. నేను అడగలేదు. అడిగితే చెప్తాడు. అది నిజమైతే ఈ రెండేండ్లు నేను ఏం చేసినట్లు? వాడు తాళంచెవి తీసుకున్నాడు. నేను ఇంట్లోకి పోయాను.

మరునాడు చీకటితోనే లేచి, పోయే ముందు వల గది నేల మీద సున్నం పలచగా పరిచి, చదును చేసి, తాళం వేశాను. తాళంచెవి ఇచ్చినంత మాత్రాన నమ్మినట్లు కాదు.

హిందూపురంలో గూళ్లు మధ్యాహ్నానికే పోయాయి. సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరాను. సంచులు కింద పెట్టకుండానే వల గది తీశాను.

ఆకుల మీద చుక్కలున్నాయి. ఊసరవెల్లి ఎండ పడే కొమ్మకు ఎక్కి ఉంది. పచ్చగా ఉంది. ఒక కన్ను నా వైపు తిప్పింది, రెండోది పైన ఈగ వైపే ఉంచింది.

సున్నం మీద అడుగులు. కుడి కాలికి నాలుగు వేళ్లు. లోపలికి మూడు సార్లు, బయటికి మూడు సార్లు. టబ్బు వైపు పోలేదు, షెడ్డు తలుపు వైపు పోలేదు. కొమ్మ దాకా పోయి, తిరిగి వచ్చాయి. ఒకటికి రెండుసార్లు చూశాను. సరిపోయింది.

చీపురు తీసుకుని అడుగులు చెరిపాను. కొత్త సున్నం జల్లించి, మళ్లీ చదును చేశాను, రేపటికి.